ఎవరిని ఏమడగాలి?



రాత్రి పది దాటింది. వీధిలో కుక్కల అరుపు తప్ప అలికిడి లేదు. ఎవరో తలుపు తడతారు. తీస్తే ఇద్దరు నిలబడి ఉంటారు. చేతిలో ఒక పెట్టె, అందులో గాజు పలకలు, దూది, సూదులు. "ఆరోగ్య శాఖ నుంచి వచ్చామమ్మా, వేలి నుంచి రెండు మూడు చుక్కల రక్తం కావాలి" అంటారు. మీరైతే ఏం చేస్తారు? చాలామంది చేసేదే చేస్తారు. రేపు పొద్దున రండి అని గడియ వేసుకుంటారు.

బోదకాలు జబ్బు సర్వేకి వెళ్లినవాళ్లకి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. పొద్దున వస్తే వాళ్లకి ఏమీ దొరకదు. ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో దాక్కుంటాయి. అర్ధరాత్రి ప్రాంతంలో చర్మం కిందున్న రక్తంలోకి వస్తాయి. వాటిని మనిషి నుంచి మనిషికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూటే. దోమ వచ్చే వేళకి పురుగు సిద్ధంగా ఉంటుందన్నమాట. అందుకే ఆ ఇద్దరూ నిద్ర మానుకుని మన గుమ్మం ముందు నిలబడతారు. ఈ నాలుగు ముక్కలూ గుమ్మం దగ్గరే చెబితే వేలు చాపడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెప్పకుండా సూది తీస్తే గడియ పడుతుంది.

పుదుచ్చేరికి ఈ జబ్బుతో పాత పరిచయం. తమిళంలో యానైక్కాల్ అంటారు. 1975లో భారత వైద్య పరిశోధన మండలి దోమల వంటి వాహకాల మీద పరిశోధనకని ఇక్కడొక సంస్థనే పెట్టింది. వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ అని పేరు. 1981 నుంచి 1985 దాకా ఆ సంస్థవాళ్లు పుదుచ్చేరి పట్టణంలో దోమని తగ్గించి జబ్బుని తగ్గించవచ్చా అని పెద్ద ప్రయత్నం చేశారు. మురుగు ఎక్కడ నిలిస్తే అక్కడ ఈ దోమ పెరుగుతుంది. కాలవల సంగతి నేను చెప్పాలా, పాండీలో ఉండేవాళ్లకి!

ఇక మందు. బోదకాలు నివారణకి ఊరూరా పంచే మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. దాన్ని వెలికితీసింది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన బృందం. ఆ పరిశోధనలకి నాయకత్వం వహించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1948లో అక్కడే కన్నుమూశారు, తిరిగి స్వదేశం చూడలేదు. ఆయన చేతి చలవ వల్ల వచ్చిన మందు మన ముంగిట్లోకి వచ్చింది. వచ్చిందే కానీ ఎంతమంది మింగారు? 2004 నుంచి దేశంలో జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు పంచడం మొదలుపెట్టారు. చేతికిచ్చి వెళ్లిపోతే కిటికీ గూట్లో పెట్టేవాళ్లు ఎక్కువ. జబ్బు లేనివాడికి మందెందుకన్నది ఒక అనుమానం. వేసుకున్న పక్కింటాయనకి జ్వరం వచ్చిందట అన్నది రెండో అనుమానం.

రెండో దానికి జవాబు వింటే ఆశ్చర్యపోతారు. ఒంట్లో పురుగు పిల్లలు ఉన్నవాళ్లకే ఎక్కువగా ఆ జ్వరం, తలనొప్పి వస్తాయి. మందు పనిచేసి అవి చస్తున్నందువల్ల వచ్చే బాధ అది. రెండు రోజుల్లో తగ్గుతుంది. అంటే ఆ పక్కింటాయనే అసలు ఆ మాత్ర వేసుకోవలసిన మనిషి. ఈ సంగతి మాత్ర ఇచ్చే మనిషికి తెలిసి, మన భాషలో చెప్పగలిగితే, గూట్లోని మాత్ర గొంతులోకి దిగుతుంది. మాత్రలు గూట్లోనే ఉండిపోతున్నాయని తర్వాత తర్వాత కళ్లెదుట మింగించాలన్న పద్ధతి పెట్టారు. నన్నడిగితే, కళ్లెదుట మింగించడం కన్నా ముందు నోరు విప్పి చెప్పడం మేలు.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది జబ్బుల గురించి కన్నా వైద్యం చేసే మనుషుల గురించి. మనం అందరినీ కలిపి 'డాక్టరు' అనేస్తాం. ఆసుపత్రిలో మనకి ఎదురయ్యే పదిమందిలో ఒకరో ఇద్దరో డాక్టర్లు. మిగతావాళ్లు ఎవరు? ఏ మాట ఎవరినడగాలి?

నేనుండేది మురుంగపాక్కంలో. కడలూరు రోడ్డు మా పేట మీదుగా పోతుంది. ఆ ఒక్క రోడ్డు పట్టుకుని నడిస్తే వైద్యం మొత్తం కనిపిస్తుంది. పేటలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. దక్షిణంగా అరియాంకుప్పం దాటి పోతే తవళకుప్పంలో అరవింద్ కంటి ఆసుపత్రి. ఇంకాస్త ముందుకి పోతే పిళ్లయార్‌కుప్పంలో మహాత్మా గాంధీ మెడికల్ కాలేజీ. ఉత్తరంగా ఊళ్లోకి పోతే పెద్ద సర్కారు ఆసుపత్రి, అందరూ జీహెచ్ అనేది. ఊరు దాటి గోరిమేడు చేరితే జిప్‌మర్. మా వైపు తెలుగిళ్లలో ఉండే చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మందుల చీటీ మీద ఇంగ్లీషు. పెద్దవాళ్లకి జబ్బు వివరం ఈ మూడు గడపలూ దాటి చేరాలి. ఇక యానాం నుంచి వచ్చేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పేరుకి అదీ పుదుచ్చేరి ప్రభుత్వమే, ఊరు మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్లూ జిప్‌మర్ వరండాల్లో కనిపిస్తూనే ఉంటారు. తెలుగు మాట వినబడితే చాలు, "అమ్మా, ఈ కాయితంలో ఏం రాశారో చూడు" అని చేతికిస్తారు.

ముందు ఆరోగ్య కేంద్రంలోని సిస్టర్ దగ్గరికి వెళదాం. బీపీ చూసేది ఆమే. నూట ముప్పై బై ఎనభై అంటుంది. రెండు అంకెలు ఎందుకు? గుండె మోటారు లాంటిది, రక్తనాళాలు పైపులు. మోటారు నీళ్లు తోసిన క్షణంలో పైపు మీద పడే ఒత్తిడి పై అంకె. తోపుకీ తోపుకీ మధ్య కూడా పైపులో కొంత ఒత్తిడి ఉంటుంది, అది కింది అంకె. ఆసుపత్రిలో చూసినప్పుడు 140 బై 90, లేదా అంతకన్నా ఎక్కువ పదే పదే కనబడితే రక్తపోటు ఉందంటారు. పదే పదే అన్న మాట పట్టుకోండి. బస్సు దిగి, ఎండలో నడిచి, టోకెన్ కోసం తోసుకుని, ఊపిరి కుదుటపడకుండా చెయ్యి చాపితే అంకె ఎగురుతుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. పట్టీ బిగిసి ఉన్నప్పుడు కోడలి మీద ఫిర్యాదులు చెప్పకూడదు. నవ్వుతున్నారు కానీ మాట్లాడితే అంకె పెరుగుతుంది, నిజంగానే.

మనవాళ్లకి లో బీపీ అంటే ఉన్న భయం హై బీపీ అంటే లేదు. కళ్లు తిరిగితే చాలు, లో బీపీ అని ఉప్పు నీళ్లు పట్టిస్తారు. చూడకుండా అది లో అని ఎలా తెలుసు? హై బీపీ మాత్రం ఏ బాధా పెట్టదు, అందుకే దాన్ని లెక్కచేయరు. మాత్ర వేసుకుంటే అంకె దిగుతుంది, దిగింది కదా అని మానేస్తారు. దిగింది మాత్ర వల్లే. మానేస్తే మళ్లీ ఎక్కుతుంది. ఉప్పు సంగతి: రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక టీ చెంచాడు. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, కరువాడు పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు. కరువాడు అంటే మన ఎండుచేప. దాన్ని నిలవ ఉంచేదే ఉప్పు.

సిస్టర్ని అడగవలసినవి ఇంకా ఉన్నాయి. ఇన్సులిన్ సూది ఎలా వేసుకోవాలో డాక్టర్ కన్నా ఆమె బాగా చూపిస్తుంది. పొట్ట మీద ఒకేచోట రోజూ పొడుచుకుంటే అక్కడ చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగ్గా ఎక్కదు. చోటు మారుస్తూ ఉండాలి. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు, మంచు గడ్డలుండే పై గదిలో పెడితే పాడవుతుంది. పుండుకి కట్టు ఎప్పుడు విప్పాలి, తడవొచ్చా లేదా, ఆమెనడగండి. సిగ్గుపడనక్కర్లేదు, ఆమె చదువుకున్నదే దానికి.

ఇప్పుడు మందుల షాపు. మనం పట్టించుకోని మనిషి ఇక్కడున్నాడు. కౌంటరు వెనక నిలబడే ప్రతివాడూ ఫార్మసిస్టు కాదు. ఫార్మసీ చదివి, రిజిస్టర్ చేయించుకున్న మనిషి పేరు, సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంటాయి. 1948 నాటి ఫార్మసీ చట్టం నుంచీ ఉన్న ఏర్పాటు అది. ఆ మనిషి షాపులో ఉన్నాడా అని అడగడం మన హక్కు. ఉంటే మూడు సంగతులు అడగాలి. ఒకటి, ఇది దేనికి? రెండు, అన్నానికి ముందా తర్వాతా? మూడు, నేను వేసుకుంటున్న పాత మందుల్లో ఇదే మందు వేరే పేరుతో ఉందా?

మూడో ప్రశ్న చాలా ముఖ్యం. జ్వరానికి ఒక డాక్టర్ పారాసిటమాల్ 650 రాస్తారు. జలుబుకని మీరే ఇంకో బిళ్ల కొంటారు, అందులోనూ పారాసిటమాల్ ఉంటుంది. ఒళ్లునొప్పులకి పిల్లవాడు మూడోది తెస్తాడు, దానిలోనూ అదే. పేర్లు మూడు, మందు ఒకటి. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడని మందు అది. దాటితే కాలేయం దెబ్బతింటుంది. మద్యం అలవాటున్నవాళ్లకి, ఇప్పటికే కాలేయం బాగోలేనివాళ్లకి హద్దు ఇంకా తక్కువ. అందుకే స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూడడం అలవాటు చేసుకోవాలి. డాక్టర్లు అసలు పేర్లే రాయాలని, అదీ చదవగలిగేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో నిబంధన వచ్చింది. ఇంకా చాలా చీటీలు చీమలు సిరాలో పడి పాకినట్టే ఉంటాయనుకోండి.

ఒకసారి స్ట్రిప్ చేతిలోకి తీసుకుని చూడండి. వెనకవైపు ఎడమ పక్కన నిలువుగా ఎర్రగీత ఉందా? అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అని గుర్తు. యాంటీబయాటిక్ స్ట్రిప్పుల మీద చూస్తారు. గడువు తేదీ ఒక కొసన అచ్చయి ఉంటుంది. షాపులో నాలుగు బిళ్లలు కత్తిరించి ఇచ్చేటప్పుడు ఆ కొస ఎవరి దగ్గర ఉండిపోయిందో గమనించండి. తేదీ లేని ముక్క మన ఇంటికొస్తుంది, నెలల తరబడి డబ్బాలో ఉంటుంది. చీటీ మీద 1-0-1 అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఎస్ఓఎస్ అని ఉంటే అవసరం పడితేనే. హెచ్ఎస్ అంటే పడుకోబోయే ముందు. బీడీ అని చూసి ఒక తాత, డాక్టర్ చుట్ట మానేసి బీడీ కాల్చమన్నారు అనుకున్నాడని ఒక హాస్యం తిరుగుతూ ఉంటుంది, నమ్మనక్కర్లేదు.

హాస్యం కాని సంగతి ఒకటుంది. మెథోట్రెక్సేట్ అనే మందు కీళ్లవాతానికి ఇస్తారు. ఇదీ సుబ్బారావు గారి బృందం పనిలోంచి పుట్టినదే, దానికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్ కూడా. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మాత్ర అంటే రోజూ వేసుకునేది అన్న అలవాటు కొద్దీ దాన్ని రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మందులో దోషం లేదు. 'వారానికి' అన్న ఒక్క మాట ఇంటికి చేరలేదు. అలాంటి మందు రాసినప్పుడు ఏ వారం అని అడిగి, బుధవారమో శుక్రవారమో స్ట్రిప్ మీద తెలుగులో పెన్నుతో రాసేయండి. చదువు రాని పెద్దవాళ్లుంటే మిగతా డబ్బాల మీద పొద్దుటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చందమామ బొమ్మ వేయండి.

ఇప్పుడు పెద్దాసుపత్రి. జిప్‌మర్ మూలాలు 1823లో ఫ్రెంచివాళ్లు పాండిచ్చేరిలో పెట్టిన వైద్య పాఠశాలలో ఉన్నాయి. తర్వాత 1956లో ధన్వంతరి మెడికల్ కాలేజీ అయింది, 1964లో జిప్‌మర్ అయింది, 2008లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఒక ఫిర్యాదు చేస్తూ ఉంటారు: "అంత దూరం పోతే ఎవరో కుర్రాడు చూశాడండీ, పెద్ద డాక్టర్ కనబడనే లేదు." ఆ కుర్రాడు ఎవరో తెలుసుకుందాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు పూర్తి చేసి, ఏడాది ఆసుపత్రి పని నేర్చుకుంటున్నవారు ఇంటర్న్, మనం హౌస్ సర్జన్ అంటాం. అది అయిపోయి ఎండీనో ఎంఎస్సో చదువుతున్నవారు జూనియర్ రెసిడెంట్. ఆయన అప్పటికే పూర్తి డాక్టర్. ఎండీ కూడా అయినవారు సీనియర్ రెసిడెంట్. వాళ్లపైన ప్రొఫెసర్లు. మీ కథ మొత్తం వినేది, రాసుకునేది కింది వరసలోని వాళ్లే. కేసు కష్టమనిపిస్తే పైవారికి చూపిస్తారు. కాబట్టి కుర్రాడని చిన్నచూపు చూసి కథ దాచుకుని, పెద్దాయన వచ్చాక చెబుదాంలే అనుకుంటే, పెద్దాయన చదివేది ఆ కుర్రాడు రాసిందే.

ఏం చెప్పాలి? ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, దీనికి ఇదివరకు ఏం వాడారు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. నాటుమందు, కషాయం, లేహ్యం వాడుతున్నా చెప్పండి. తిడతారేమోనని దాచవద్దు. చివర్లో లేచే ముందు ఒక్క పని: మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే డాక్టరుగారూ, ఈ తెల్లది పొద్దున అన్నం తిన్నాక, ఈ పచ్చది పడుకోబోయే ముందు, నెల తర్వాత రక్తం పరీక్ష చేయించుకుని రావాలి, అంతేనా?" పది సెకన్లు పడుతుంది. తప్పుంటే అక్కడే తేలిపోతుంది. డాక్టర్లకి కూడా ఇది నేర్పిస్తున్నారు, రోగి చేత తిరిగి చెప్పించాలని. వాళ్లకి తీరిక లేకపోతే మనమే చెప్పేద్దాం.

చెప్పేటప్పుడు జబ్బు పేరు మనం పెట్టకూడదు. మన తెలుగువాళ్లకి ఒక పేరు నాలుక చివరే ఉంటుంది: గ్యాస్. పొట్ట ఉబ్బరం గ్యాసే, వీపు నొప్పి గ్యాసే, ఛాతీలో బరువు గ్యాసే. సోడా తాగి, జీలకర్ర నమిలి, తెల్లారేదాకా చూస్తారు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉండి, ఎడమ చేతికో దవడకో పాకుతూ, చెమటలు పడుతుంటే అది గుండెపోటు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి అసలు నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంగా కూడా రావచ్చు. అప్పుడు గ్యాసా కాదా అన్న తర్కం ఇంట్లో చేయవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ 108 మొదలైంది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. బండిలో డ్రైవర్‌తో పాటు ఉండేవారు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అత్యవసర చికిత్సలో శిక్షణ ఉన్న మనిషి. ఆటోలో అయితే పక్కింటబ్బాయి ఉంటాడు, తేడా అంతే.

ఆంధ్రలో, తెలంగాణలో మన చుట్టాల ఊళ్లలో ఇంకొక మనిషి ఉంటాడు, ఆర్‌ఎంపీ డాక్టరు. వైద్య కళాశాల చదువు లేదు. అయినా పిలిస్తే అర్ధరాత్రి బండేసుకుని వస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, వరసపెట్టి పిలుస్తాడు, మన మాటల్లోనే చెబుతాడు. జనం ఆయన్ని నమ్మేది మందు చూసి కాదని నా అభిప్రాయం, ఆ కూర్చోవడం చూసి. చదువుకున్న డాక్టర్లు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ ఒక్కటే. మిగతావి, ముఖ్యంగా ప్రతి జ్వరానికీ సూది, ప్రతి నీరసానికీ సెలైన్, నేర్చుకోకూడదు. "ఒక బాటిల్ ఎక్కించండి, బలం వస్తుంది" అంటారు కదా, ఆ బాటిల్‌లో ఏముందో లెక్కేద్దాం. అర లీటరు ఉప్పు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. ఇందాక చెప్పిన రోజంతటి ఉప్పులో దాదాపు మొత్తం. అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఒక అరటిపండు ఇచ్చేంత శక్తి. నోటితో తినలేని, తాగలేని మనిషికి, వాంతులు విరేచనాలతో ఒళ్లు తోడేసినవాడికి అది ప్రాణం పోస్తుంది. మామూలు నీరసానికి అరటిపండు చవక, సూది పోటు ఉండదు.

షుగర్ గురించి రెండు ముక్కలు. పరగడుపున 126, అంతకు మించి ఉంటే మధుమేహం. 100 నుంచి 125 దాకా ఉంటే మనవాళ్లు 'బోర్డర్‌లో ఉంది' అంటారు, ఆ మాట సరైనదే. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష సుమారు మూడు నెలల సగటు చెబుతుంది. పరీక్ష ముందురోజు స్వీటు మానేసి దాన్ని మోసం చేయలేం. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోవాలి. మా రోడ్డు మీదున్న అరవింద్ లాంటి చోట ముందుగా అక్షరాలు చదివించేది, చుక్కలు వేసేది శిక్షణ పొందిన సహాయకులు, ఎక్కువగా యువతులు. ఆపరేషన్ అవసరమైతే ఖర్చు, జాగ్రత్తలు విడమరిచి చెప్పడానికి కౌన్సెలర్ వేరే ఉంటారు. డాక్టర్ దగ్గర అడగలేని డబ్బు ప్రశ్న ఆమెనడగండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, ఎండ గుచ్చుతుంది. ఆ రోజు స్కూటీ మీద వెళ్లకండి. తోడు తీసుకెళ్లండి.

మోకాళ్ల నొప్పికి, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లకి ఫిజియోథెరపిస్ట్ ఎంత అవసరమో ఇంకో ప్రసంగంలో చెప్పాలి. పథ్యం సంగతి ఆసుపత్రిలో డైటీషియన్ చెబుతారు. ఆమె అన్నం మానమని అనదు, కప్పుతో కొలవమంటుంది.

మనసు దగ్గరకొస్తే మనకి నోరు పెగలదు. నిద్ర పట్టడం లేదంటాం, తలనొప్పి అంటాం, ఆకలి లేదంటాం. మనసు బాగోలేదని అనం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవ్యాధుల వైద్యం చదివిన డాక్టర్. మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మనస్తత్వ శాస్త్రం చదివి, మాటలతో చికిత్స చేసే మనిషి. మందు రాయరు. ఇద్దరూ కలిసి పనిచేసే సందర్భాలే ఎక్కువ. ఎవరి దగ్గరికి పోవాలో తేలకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు. తమిళం రాదన్న సంకోచం అక్కరలేదు.

ఆసుపత్రికి రోగిని తీసుకొచ్చే మనిషి గురించి చెప్పి ముగిస్తాను. మా పేట ఆరోగ్య కేంద్రంలో చూసినా, పెద్దాసుపత్రి వరండాలో చూసినా, చేతిలో ఫైలు, భుజాన ఫ్లాస్కు పెట్టుకుని నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. అత్తగారి షుగర్ ఎంతో, మామగారి బీపీ మాత్ర ఏ రంగో వాళ్లకి నోటికొచ్చు. మీది ఎంతమ్మా అంటే, "నాకేం, నేను బాగానే ఉన్నాను" అంటారు. ఎప్పుడు చూపించుకున్నారో గుర్తుండదు. ఈసారి అత్తగారి చేతికి కట్టిన పట్టీ విప్పగానే ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడడం ఆరోగ్య కేంద్రాల పనుల్లో ఉన్నదే. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి. అంకె ఎంతో సిస్టర్ చెప్పాక అదే ఫైలులో, అత్తగారి పేరు కింద, మీ పేరూ రాసుకోండి.